ఈజీ నడకలో ఒంటి తుమ్ము

ఇంట్లో పెద్దవాళ్ళకి మింగుడుపడని కబురు చెప్పాలా? సముద్రపు ఒడ్డున ఈజీ వాక్‌ని మించిన సాధనం ఈ ప్రపంచంలో లేదు! ఊరికే అనడం లేదు. ఆస్ట్రేలియా వచ్చాక అలాంటి కబుర్లన్నీ నేను నడుస్తూనే విన్నాను.

మొదట్లో మేమున్న హారిస్ పార్క్ ఇల్లు ఖాళీ చేసి కాన్‌బెర్రా వెళ్ళిపోతున్నామని, పక్కవీధి కౌసల్య ఇక నాకు రోజూ కనిపించదని ఒక బీచ్ మీద తెలిసింది. ఊళ్ళో మా తమ్ముడు శ్రీపతి పోయాడని ఒక లైట్‌హౌస్ దగ్గర తెలిసింది. అదీ చేతిలో శాండ్‌విచ్ పెట్టి మరీ చెప్పారు. ఎంత మర్యాద!

ఇందులో ఉన్న సౌకర్యాలు చూడండి. దారి సన్నం, ఒకరి వెనక ఒకరు నడవాలి. చెప్పేవాళ్ళు వినేవాళ్ళ మొహం చూడక్కర్లేదు. గొంతు వణికితే అలల చప్పుడు కప్పేస్తుంది. ఏడుపు వచ్చే సమయానికి ఎదురుగా ఎవరో దొరసాని కుక్కతో వస్తూ ‘మార్నింగ్!’ అంటుంది. పళ్ళు చూపించాల్సిందే. పోనీ అలిగి వెనక్కి పోదామా? కారు ముందే తీసుకెళ్ళి అవతలి చివర పెట్టి ఉంటారు! మన వంటింట్లో ఇన్ని వసతులున్నాయా?

అందుకే మొన్న శనివారం మా అమ్మాయి హరిప్రియ నా బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టి, “అమ్మా, రేపు కోస్ట్‌కి వెళ్దాం. చాలా ఈజీ వాక్” అనగానే ఏదో కబురుందని తెలిసిపోయింది. పులిహోర కలిపాను. ఎవరి ఆకలి కోసమూ కాదు, చేతులకి ఏదో ఒక పని ఉండాలని.

కబురేమిటో నాకు సగం తెలుసు. మా మనవరాలు శ్రావ్య నర్సింగ్ చదువు ముగించింది. వారం రోజులుగా ఆ పిల్ల గదిలోంచి డార్విన్ అనే మాట వినిపిస్తోంది. మేముండే చోటికి ఈ దేశంలో అంతకంటే దూరపు ఊరు లేదని నా అనుమానం. అక్కడ మొసళ్ళట! కానీ ఆ మాట నాతో ఎవరూ అనలేదు. అననంతవరకూ ప్రయాణం ఖాయం కానట్టే. ఇదీ నా సిద్ధాంతం.

నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. ఇంగ్లీషు ఈ దేశపు బోర్డులు చదివి నేర్చుకున్నాను. అందుకే నాకు ఇంగ్లీషంటే మొత్తం హెచ్చరికలే! ఆ దారి మొదట్లోనూ ఒక బోర్డు ఉంది. పాములున్నాయి, కొండ అంచు విరిగిపడొచ్చు, అల లాక్కెళ్ళొచ్చు అని వరసగా చెప్పి, కింద ‘ఈజీ’ అని రాశారు. ముందు మనవరాలి కబురుంది, జాగ్రత్త అని మాత్రం ఎక్కడా రాయలేదు.

మొదటి బీచ్ దాటి అడవిలోకి వెళ్ళాం. వాటిల్ చెట్లు పసుపు గుమ్మరించినట్టు పూసి ఉన్నాయి. అల్లుడు విజయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు.

“అత్తయ్యా, మీతో ఒక చిన్న విషయం...”

తుమ్మాను. ఒక్కటే తుమ్ము. ఒంటి తుమ్ము!

అల్లుడు బ్యాంకులో కంప్యూటర్లు నడిపించే మనిషి. అయితేనేం, వాళ్ళమ్మ పెంపకం ఎక్కడికి పోతుంది? టక్కున ఆగిపోయాడు. “కూర్చోండి అత్తయ్యా, కాసిని మంచినీళ్ళు తాగండి. తర్వాత చెప్తాను.”

ఆహా! ఆ చెట్ల పుప్పొడికి చేతులెత్తి దండం పెట్టాను. ఆ తుమ్ము నిజమైనదే. తర్వాతివాటి గురించి అడక్కండి. అడవి దాటేలోగా అల్లుడు నోరు తెరిచినప్పుడల్లా తుమ్మాను, అతను ఆగినప్పుడల్లా నీళ్ళు తాగాను.

“అమ్మా, అది ఎలర్జీ. టాబ్లెట్ ఇస్తా వేసుకో” అంది హరిప్రియ. వేసుకుంటానా?

“అమ్మమ్మా, దట్ వాజ్ సో ఫేక్!” అని వెనకనుంచి నవ్వింది శ్రావ్య.

కొండకొన మీదికి ఎక్కాం. అక్కడ కూర్చుని పులిహోర తిన్నాం. తిమింగలాలు కనిపిస్తాయన్నారు. అందరూ సముద్రం వైపు చూశారు, నేను అందరి పెదవుల వైపు చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. గెలిచాననుకున్నాను.

ఆఖరి బీచ్‌లోకి దిగాం. దూరంగా కారు కూడా కనబడుతోంది. కానీ ఒక సంగతి మరిచిపోయాను. బీచ్ వెడల్పు కదా! అక్కడ ఒకరి వెనక ఒకరు నడవక్కర్లేదు. శ్రావ్య వచ్చి నా పక్కన నడిచింది. నా మొహంలోకి చూసింది.

“అమ్మమ్మా, ఐ గాట్ ద జాబ్. డార్విన్ హాస్పిటల్‌లో. నెక్స్ట్ మంత్ వెళ్తున్నా.”

తుమ్మబోయాను. రాలేదు. సముద్రపు గాలికి ముక్కు శుభ్రమైపోయింది. దొంగ తుమ్ముకి కూడా కాస్త ఊపిరి కావాలి, అదీ అందలేదు. పైగా దారి ఈజీ! కాలికి తగలడానికి ఒక్క రాయి లేదు. కళ్ళు తడిస్తే ఏ మోకాలి దెబ్బ మీదికి నెట్టను? కాబట్టి పాఠకులారా, ఇంట్లో ముసలివాళ్ళుంటే కాస్త రాళ్ళున్న దారి ఎంచుకోండి!

శ్రావ్య నన్ను చూసింది. కారుని చూసింది. తర్వాత, ముక్కు దగ్గర చెయ్యయినా పెట్టుకోకుండా, “హాఛ్!” అంది.

“ఒక్కటే వచ్చింది అమ్మమ్మా. నౌ వియ్ హావ్ టు సిట్, కదా? వాటర్ తాగాలి.”

ముందు నడుస్తున్న హరిప్రియ వెనక్కి తిరిగి, “లేటవుతుందే, రండి!” అని కేకేసింది.

“తుమ్మింది కదా, ఆగు” అన్నాడు అల్లుడు.

దొంగ తుమ్ము! ఆ విద్యలో నాకు తెలియనిదేముంది? అయినా శాస్త్రం శాస్త్రమే కదండీ. కూర్చున్నాను. శ్రావ్య నా పక్కనే ఇసకలో చతికిలబడి, సీసా మూత తీసి నా చేతికిచ్చి, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంతకీ నాకు అర్థం కానిది ఒకటే. ఇలా కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పడానికి ఇంత దూరం నడిపించడం ఎందుకు? మా ఇంట్లో కుర్చీలున్నాయి!