పైకి చెప్పలేని మనవి

ఆ బుధవారం ఉదయం ఎలిజబెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్త్రీల కూడికకు వెళ్లాలి, చాప మీద అందరికన్నా వెనగ్గా కూర్చోవాలి, ఎవరైనా పలకరించేలోగా ఇంటికొచ్చి ఎసరు పడేయాలి. బెజవాడ గవర్నర్‌పేటలో ఉన్నన్నాళ్లూ ఆమె అలాగే చేసింది. అక్కడి చర్చిలో ఆమె పేరు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అది దేవుడొక్కడే.

గట్టుపాలెం వచ్చి ఒక వానాకాలం వెళ్లింది. మైలవరం దాటాక, గుట్టల నడుమ గిన్నె అడుగున మెతుకుల్లా అతుక్కుని ఉంటుంది ఆ ఊరు. భర్త ఆమోసు చెరువుల మరమ్మతు చూసే సర్కారు ఆఫీసులో గుమాస్తా. బదిలీ మీద వచ్చారు. దిగిన రోజునే ఇంటావిడ మాణిక్యమ్మ వచ్చి, గట్టు మీంచి అప్పుడప్పుడూ దుమ్ములగొండి దిగుతుంది గానీ మనుషుల జోలికి రాదని ధైర్యం చెప్పింది. ఆ ధైర్యంతో ఎలిజబెత్‌కు నిద్ర కరువైంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఎనిమిదో తరగతి దాకా చదివిన ఎలిజబెత్‌కు కీడెంచేసరికే పొద్దుపోయేది, మేలుకు తీరిక దొరికేది కాదు. కూతురు అమల బడి వదలగానే ఊరి పిల్లలతో గట్టెక్కి సీతాఫలాలు కోసుకొస్తుంది. కాలు జారితే? పుట్టలో చెయ్యి పెడితే? ఆస్పత్రి మైలవరంలో ఉంది. మైలవరం వెళ్లాలంటే బస్సు కావాలి. ఆ బస్సు పొద్దున వెళితే మళ్లీ సాయంత్రమే వస్తుంది, అదీ దానికి బుద్ధి పుడితే. ఏ అర్ధరాత్రో పిల్లకేదైనా అయితే తలుపు తట్టడానికి ఎవరున్నారు?

అందుకని మొగుడూ పెళ్లాలిద్దరూ గుట్టుగా ఒక పని చేస్తున్నారు. ఆమోసు ప్రతి శనివారం బుట్టెడు సీతాఫలాలతో బెజవాడ వెళ్లి, పెద్దాఫీసు హెడ్ గుమాస్తా ఇంట్లో ఇచ్చి, వెనక్కి బదిలీ చేయించమని బతిమాలి వస్తున్నాడు. ఈ శనివారం ఇంజనీరుగారు సంతకం పెడతారని కబురు కూడా అందింది. ఈ సంగతి ముందే పొక్కితే రెండు ప్రమాదాలు. ఒకటి, మా ఊరు నీకు పనికిరాలేదా అని మాణిక్యమ్మ ముఖం మాడ్చుకుంటుంది, బదిలీ తప్పిపోతే ఆ ముఖం ఎదురుగానే బతకాలి. రెండోది దిష్టి. క్రైస్తవులకు దిష్టి తగలదని ఎలిజబెత్‌కు తెలుసు. దిష్టికి ఆ సంగతి తెలుసో లేదోనని ఆమె భయం.

కూడికలో పాటలయ్యాక పాదిరిగారి భార్య సువార్తమ్మ ఒక్కొక్కరినీ ప్రార్థన మనవి అడిగింది. ఒకావిడ గేదె పాలు చేపడం లేదంది. ఇంకొకావిడ అల్లుడు అలిగి వెళ్లి ఇంకా రాలేదంది. ఎలిజబెత్ చాప చివరికంటా జరిగింది. చాప అయిపోయింది గానీ వంతు తప్పలేదు.

"కొత్తగా వచ్చారు, మీ మనవేంటో చెప్పండమ్మా. అందరం కలిసి అడుగుదాం" అంది సువార్తమ్మ.

తలనొప్పని చెబుదామనుకుంది. దేవుడి ఎదుట అబద్ధమాడితే నిజంగానే తలనొప్పి వస్తుందేమో, అది మెదడు జబ్బులోకి దిగుతుందేమో, అప్పుడు అమల గతేంటి?

"ఒక మనవి ఉందండి. పైకి చెప్పలేను. దేవుడికి తెలుసు" అంది.

బెజవాడలో ఇలాంటి మనవులు బోలెడు వస్తాయి. జనం తలలు వంచి ఆమెన్ అనుకుని బస్సు అందుకుంటారు. గట్టుపాలెంలో మాత్రం దేవుడికి తెలిసి ఊరికి తెలియని సంగతి అంతవరకూ ఒక్కటి కూడా లేదు.

ఎలిజబెత్ ఎసరు మరిగేలోగానే మాణిక్యమ్మ కషాయం గిన్నెతో దిగింది. ఆవిడ కూడికకు వెళ్లే మనిషి కాదు. అయినా కూడిక ఆవిడ దాకా వచ్చేసింది. తెల్లవారుజామున ఆమోసు దగ్గుతుంటే గోడవతలికి వినపడుతోందనీ, క్షయ అయినా సిగ్గుపడాల్సిన పని లేదనీ, తన మేనమామ కూడా దాంతోనే పోయాడనీ ఓదార్చింది.

"ఆయనకి ఏ జబ్బూ లేదండీ. చుట్ట దగ్గు" అంది ఎలిజబెత్ కంగారుగా.

"అయితే జబ్బు కాదన్నమాట" అని, మాణిక్యమ్మ వచ్చినదానికన్నా వేగంగా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సంఘపెద్ద లాజరు చెరువుగట్టు మీద ఆమోసును ఆపి, ముఖంలో ముఖం పెట్టి, గట్టిగా ఊపిరి వదలమన్నాడు. ఆమోసు వదిలాడు. సారా వాసన రాలేదు. దాంతో తాగుడు కూడా కాదని తేలిపోయింది. ఇక మిగిలింది ఒకటే.

దానికి సాక్ష్యం బస్సు కండక్టరు హనుమయ్య దగ్గర దొరికింది. గురువారం బస్సు ఆగగానే రచ్చబండ దగ్గర చెప్పాడు.

"ప్రతి శనివారం టంచనుగా ఎక్కుతాడండీ. బుట్టనిండా పళ్లు, అన్నీ ఏరి ఏరి పెట్టినియ్యే. గవర్నర్‌పేట సందులో నా కళ్లారా చూశా. తలుపు తీసింది ఆడమనిషి. బుట్ట అందుకుని నవ్వింది కూడా."

జనం గుండె మీద చెయ్యి వేసుకున్నారు. గట్టు మీద సీతాఫలాలు ఊరికే రాలిపడతాయి. గట్టుపాలెంలో వాటిని ఎవరూ ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. అలాంటి పళ్లను ఏరి, బుట్ట కట్టి, బెజవాడ దాకా మోశాడంటే అది మామూలు వ్యవహారం కాదు.

ఆ పూట నుంచి ఎలిజబెత్ ఇంటికి కూరగిన్నెల రాకపోకలు మొదలయ్యాయి. ఒకావిడ పప్పు తెచ్చింది, ఒకావిడ అమలకు జడ వేసింది, ఒకావిడ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని నిట్టూర్చి వెళ్లింది. అందరి కళ్లలోనూ అదే జాలి. తనకేదో రోగముందని ఊరందరికీ తెలిసిపోయి తనకొక్కదానికే తెలియలేదేమోనని ఎలిజబెత్ అద్దంలో నాలుక చాపి చూసుకుంది. నాలుక బాగానే ఉంది. పైకి బాగా కనపడే రోగాలే మరీ ప్రమాదమని ఎక్కడో విన్నట్టు గుర్తొచ్చింది.

ఆమోసు పరిస్థితి వేరు. కాఫీ హోటల్లో అతనికి చల్లారిన కాఫీయే దొరికింది. గడ్డం గీసే అతను ఒక చెంప గీసి, ఇంట్లో బంగారంలాంటి మనిషి ఉండగా ఇదేం బుద్ధని కత్తి మడిచేశాడు. ఆమోసు రెండో చెంప తడుముకుంటూ ఇంటికొచ్చి, ఈ ఊళ్లో మనుషులకు ఎండదెబ్బ తగిలిందేమోనన్నాడు. ఎలిజబెత్ తన మనవి సంగతి చెప్పబోయి, మళ్లీ దిష్టి గుర్తొచ్చి మింగేసింది.

శుక్రవారం సంఘమంతా ఆమె కోసం ఉపవాసమని సువార్తమ్మ కబురంపింది. మనవి ఫలిస్తే, తనను వదిలించుకోవడానికే వీళ్లంతా పస్తు పడుకున్నట్టవుతుంది. ఫలించకపోతే గట్టు, దుమ్ములగొండి, బస్సు. ఎటు చూసినా పాపమో ప్రమాదమో కనపడుతోంది.

ఆ శుక్రవారం ప్రార్థనకు మాణిక్యమ్మ కూడా వచ్చి కూర్చుంది. "నాకెలాగూ శుక్రవారం ఒక్కపొద్దే. అమ్మవారికి చెప్పి అందులో మీదీ కలిపేశాలే" అంది.

ఆడవాళ్లందరూ చుట్టూ చేరి తల మీద చేతులుంచి, ఏమడుగుతున్నారో తెలియకుండానే కన్నీళ్లు పెట్టుకుని అడిగారు. ఆ చేతుల బరువు కింద ఎలిజబెత్ కాసేపు భయపడటం మరిచిపోయింది. గుర్తురాగానే, ఇంతసేపు ఎలా మరిచానని మళ్లీ భయపడింది.

శనివారం ఉదయం ఆమోసు బుట్టతో బస్సు దగ్గరకు వెళ్లాడు. హనుమయ్య మెట్టు మీద అడ్డంగా నిలబడి సీట్లు లేవన్నాడు. బస్సంతా ఖాళీగా ఉంది కదా అంటే, ఆ ఖాళీ అంతా రిజర్వు అయిందన్నాడు. ఆమోసు చూస్తుండగానే లాజరు, సువార్తమ్మ, మాణిక్యమ్మ, వెనక ఇంకో పదిమంది ఎక్కేశారు. ఎవరూ అతని ముఖం చూడలేదు.

"ఏం ఫరవాలేదు, ఇవాళ సంతకం అయిపోద్ది. ఇన్నాళ్లు మోసిన పళ్లు ఊరికే పోవు" అన్నాడు ఆమోసు ఇంటికొచ్చి. ఎలిజబెత్‌కు మాత్రం రోజంతా కాలు నిలవలేదు. బస్సు బుడమేరు వాగులో పడిందేమో. ఇంజనీరుగారికి జ్వరమొచ్చిందేమో. ఊరంతా కలిసి వెళ్లింది ఎక్కడికి?

పొద్దు వాలాక మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనక వీధి వీధంతా ఉంది.

"నీ మనవి ఫలించిందమ్మాయ్" అంది. "పెద్దాఫీసరు గదిలోకి నేరుగా పోయాం. మా గుమాస్తాని బెజవాడ ఛాయలకి రానీకండి బాబూ, ఓ ఆడకూతురి కాపరం నిలబెట్టండి అన్నాం. అప్పటికే ఆయన ముందు కాయితం తయారుగా ఉంది. మీ ఆయన్ని బెజవాడ వేసే కాయితమంట. సంతకమే తరవాయి. ఇంకాస్త ఆలస్యమైతే కొంప మునిగేది. మా ఎదురుగానే నిలువునా చింపేశాడు."

అసలే ఎమర్జెన్సీ రోజులు. ఊరు ఊరంతా గదిలోకి వచ్చి నిలబడితే ఏ ఆఫీసరు చింపడు? సర్వీసున్నంతకాలం ఆమోసును గట్టుపాలెంలోనే ఉంచుతాననీ, ఆఫీసు పని మీద కూడా బెజవాడ పిలవననీ మాటిచ్చాడట.

ఆమోసు సగం లేచి సగంలోనే ఆగిపోయాడు. "అయ్యో, మీరనుకునేది కాదండీ. అది మా హెడ్ గుమాస్తాగారిల్లు. ఆవిడ ఆయన భార్య."

మాణిక్యమ్మ బుగ్గలు నొక్కుకుంది. "తన పైఆఫీసరు పెళ్లామేనా?"

వీధిలో నిట్టూర్పు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లింది. ఆ ఇంటికి పళ్లెందుకు మోశాడో చెప్పాలంటే ఈ ఊరు వదిలిపోవడానికని చెప్పాలి. ఆమోసు భార్య వంక చూశాడు. ఎలిజబెత్ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఏడువమ్మా, ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావు" అంది మాణిక్యమ్మ దగ్గరకు తీసుకుని. "ఇహ నీకేం భయం లేదు. పాపకి జొరమొచ్చినా తేలు కుట్టినా, ఏ జామునైనా సరే గోడ మీద కొట్టు. బండి కట్టిస్తా."

తలుపు తట్టడానికి మనిషి దొరికింది. తట్టే అవసరం లేని చోటికి వెళ్లే దారి మూసుకుపోయింది. ఏ సంగతికి ఏడుస్తోందో ఎలిజబెత్‌కే తేల్చుకోవడం కష్టమైంది.

మనవి ఫలిస్తే ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. అది సంఘం ఆచారం. ఆ ఆదివారం చర్చి కిటికీల దగ్గర కూడా జనం నిలబడ్డారు. ఎలిజబెత్ లేచింది. మగవాళ్ల వైపు నుంచి ఆమోసు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నిజం చెబితే మొగుడి పరువు నిలుస్తుంది. కానీ తన కోసం పస్తులున్న మనుషుల ముఖాన, మీ నుంచి పారిపోవాలనే అడిగానని చెప్పినట్టవుతుంది. ఆపైన ఏ గోడ మీద కొట్టాలి? అమల ముందు వరసలో కూర్చుని ఉంది, ఇప్పుడే ఎవరో వేసిన జడతో.

దేవుడు మనవి ఆలకించాడనీ, కాకపోతే తన నోటి నుంచి కాకుండా ఊరి నోటి నుంచి ఆలకించాడనీ చెప్పి ఎలిజబెత్ కూర్చుంది.

ఆమోసు తప్ప సంఘమంతా స్తోత్రం చెప్పింది.