మూడు ఫ్యాన్ల సేనకూ రెండు ఫ్యాన్ల సేనకూ జరిగిన సంగ్రామం

మధ్యాహ్న మార్తాండుడు నడినెత్తికెక్కి వీధికుళాయిలోని నీటిని సైతం కాచి వడపోస్తున్న వేళ, గోడగడియారం పన్నెండు దాటి పది నిమిషాలైనదని చాటుతుండగా, రెండు గదులూ ఒక వంటిల్లూ గల ఆ మహాసామ్రాజ్యపు వెనకగదిలో, మంచం మీద నోరు తెరుచుకున్న ఒక గోధుమరంగు సంచి ఎదుట నిలిచి, అరవై ఎనిమిదేళ్ళ అక్క తన తమ్ముడి చొక్కాలు మడత పెడుతున్నది. ఆ మడతపెట్టుట ఎట్టిదని అడుగుదురేని, వినుడు. పెట్టిన చొక్కాను తీసి, తీసిన చొక్కాను దులిపి, దులిపిన చొక్కాకు లేని మరకను కిటికీ వెలుగులో వెతికి, దొరకని ఆ మరకను తడిగుడ్డతో తుడిచి, తడిసినది గనుక ఆరవేసి, ఆరినదాన్ని మళ్ళీ మడిచి, ఆ విధంగా ఒక్క చొక్కాకు ఇరవై నిమిషాలు వెచ్చిస్తున్నది. మూడున్నర బస్సును నిలువరించడానికి ఆమె దగ్గరున్న ఆయుధం అదొక్కటే.

ఆ బస్సెక్కితే తమ్ముడు ఇక రాడని ఆమె భయం. ఈ భయానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలకు వెళ్ళిన భర్త పావుగంట ఆలస్యమైతే ఆమె గుమ్మంలో నిలబడి, మనసులో పరామర్శకు వచ్చేవాళ్ళకు కుర్చీలు కూడా వేసేస్తుంది. తీరా ఆయన పాలప్యాకెట్టు ఊపుకుంటూ వస్తే, అంత దుఃఖమూ వృథా అయినందుకు విసుక్కుంటుంది. అయితే ఈసారి తమ్ముడు వెళ్తున్నది పాలకు కాదు. రెండు ఊళ్ళ అవతల పాత స్నేహితుడి ఇంట్లో గది చూసుకున్నాడు. భార్య పోయాక మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నవాడు, మాట పడి వెళ్తున్నాడు.

ఆ మాటకు మూలమైన మహాసంగ్రామాన్ని ఇప్పుడు చెప్పుకోవాలి.

అక్క భర్త, సుద్దముక్కల చక్రవర్తి, సహస్ర సూర్యోదయ చిత్రకారుడు, ముప్పైరెండేళ్ళు బడిలో డ్రాయింగు మాస్టారు. తమ్ముడు, స్తంభారోహణ ధురంధరుడు, గాలివానల్లో తెగిన తీగలు కలిపి ఊళ్ళకు ఊళ్ళను వెలిగించిన లైన్‌మన్. ఇద్దరూ ఉద్యోగాలు విరమించిన పిమ్మట ముందుగదిలోని కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసుకుని విమానం నడిపే ఆట ఆడేవారు. బావ పైలట్. తమ్ముడు పక్కన కూర్చుని ఎత్తు చదివేవాడు. "అయిదొందలు బావా. మూడొందలు. ముక్కు ఎత్తు. ఎత్తమంటున్నానా." అట్లా వాళ్ళు మూడేళ్ళలో భూమండలంలోని విమానాశ్రయాలన్నిట్లోనూ దిగారు. వీధి చివర చెప్పుల దుకాణానికి మాత్రం రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనేవారు.

కంప్యూటర్‌లో బొమ్మను గీసి చూపించే గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంటుంది. దాన్ని చేసే కంపెనీలు రెండు. ఒకరి కార్డుకు మూడు ఫ్యాన్లు, మరొకరిదానికి రెండు. మొదటివారు త్రివ్యజన వంశీయులు, రెండవవారు ద్వివ్యజన వంశీయులు. మూడు ఫ్యాన్లవారి బొమ్మ వేగమూ అందమూ లోకోత్తరమని బావ విశ్వాసం. ఆ కార్డును నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ సరిగా లేకుంటే ఆ అందాన్ని ఏం చేసుకోను అని తమ్ముడి సిద్ధాంతం. గుర్రం గొప్పదా, సారథి గొప్పవాడా అన్న ఈ ధర్మసందేహం మీద వాళ్ళిద్దరూ ఎన్ని పూటల అన్నం చల్లార్చుకున్నారో లెక్కలేదు. ఈ ముసలివాళ్ళిద్దరూ భూమ్మీద ఉన్నారన్న సంగతి ఆ రెండు కంపెనీలకూ తెలియదు.

మూడేళ్ళూ ఆ మిషన్లో తమ్ముడు తెచ్చిన రెండు ఫ్యాన్ల కార్డే కొలువు తీరింది. ఎనిమిది రోజుల కిందట బావ మూడు ఫ్యాన్లదాన్ని తెచ్చి, ఆ స్థానంలో పట్టాభిషేకం చేశాడు. చేసిన క్షణం నుంచీ విమానం సముద్రం మీద స్తంభించి, ఒక్క గెంతు గెంతి, మళ్ళీ స్తంభించసాగింది.

బడిలో నాటకాలు ఆడించిన గొంతు గనుక, బావ స్క్రూడ్రైవర్‌ను గదలాగా భుజాన పెట్టుకుని పలికాడు: "ఓరీ ద్వివ్యజన పక్షపాతీ, చెవులారా వినుము. అనంత జలరాశిలోని ప్రతి తరంగానికీ ప్రత్యేక ఛాయను ప్రసాదించు ఏకైక మహాయంత్రము మాది. నీ కార్డునందు అట్టి నీడ గలదా?"

"నీడ సరే బావా, అల కదలాలి గదా."

"డ్రైవర్ కొత్తది ఎక్కిస్తే కదులుతుంది."

"నిన్నా అదే అన్నావు."

"ఇవాళ ఇంకా కొత్తది వచ్చింది."

"ఇది ఎన్నోది?"

"ఏడోది."

"మా డిపార్టుమెంటులో ఏడుసార్లు ఫ్యూజు పోతే స్తంభమే మార్చేస్తాం."

నాలుగో రోజున తమ్ముడు స్తంభమే మార్చాడు, అనగా తన పాత కార్డును తిరిగి బిగించాడు. అదీ గెంతింది. బావ ముఖాన పున్నమి వెలిసింది. తమ్ముడు నమ్మలేకపోయాడు. ఇది తీసి అది, అది తీసి ఇది, పగళ్ళన్నీ మరమేకులు విప్పడంతోనే గడిచాయి. అయిదో రోజుకు ఎగతాళి పోయింది, ఏడో రోజుకు నవ్వు పోయింది. మంగళవారం సాయంత్రం కాఫీ వేళ బావ నోరు జారింది: "నా ఇంట్లో, నా మిషన్‌ని, నువ్వే ఏదో చేశావురా."

తమ్ముడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మీ ఇల్లే బావగారూ," అన్నాడు. ముప్పైతొమ్మిదేళ్ళుగా నువ్వు, బావా అన్న నోటివెంట మీరు, బావగారూ అని వినగానే వంటింట్లో అక్క పొయ్యి ఆర్పేసింది.

ఇక వర్తమానానికి వద్దాం. చొక్కాలు ముగిసినవి. ఒంటిగంట నలభై అయింది. తమ్ముడి కార్డు తాలూకు అట్టపెట్టె ఒక్కటే మిగిలింది. కార్డు మాత్రం ఇంకా మిషన్లోనే ఉంది. విప్పి తీసుకుపోయే ముందు, అది బతికే ఉందని ఆఖరిసారి రుజువు చేయాలని తమ్ముడు పంతం పట్టి ముందుగదిలో కూర్చున్నాడు. చచ్చిందని రుజువు చేయాలని బావ పక్కన కూర్చున్నాడు. అక్క పెట్టె తెరిచింది. అడుగున మడత విప్పని కాగితం ఒకటి కనిపించింది.

అక్కకు ఒక బలహీనత ఉంది. అక్షరమన్నది కనిపిస్తే చదవకుండా వదలదు. బడి మొహం చూడని మనిషి, జాకెట్లు కుట్టుకుంటూ, తమ్ముడి పలక పక్కన కూర్చుని తనంతట తాను చదువు నేర్చుకున్నది. పప్పు పొట్లం విప్పినా ముందు పొట్లం చదివి, తరవాత పప్పు ఎసట్లో పోస్తుంది. మగవాళ్ళిద్దరూ నిపుణులు కనుక మూడేళ్ళలో ఆ కాగితం ముట్టలేదు. అక్క నిపుణురాలు కాదు కనుక విప్పింది.

భాష తెలియలేదు. బొమ్మ తెలిసింది. మిషన్ వెనక వైపు బొమ్మ. పై భాగంలో ఒక రంధ్రం, దానికి నాలుగు వేళ్ళ కింద, కార్డు మీద, అచ్చం అలాంటిదే ఇంకో రంధ్రం. తెర నుంచి వచ్చే తీగ పైదాంట్లో ఉన్నట్టు గీసి, దాని మీద పెద్ద ఇంటూ గుర్తు. కిందిదాంట్లో గీసి, టిక్కు.

అక్క మంచం మీద కూలబడింది.

ఎందుచేతనంటే, ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మిషన్ మూత విప్పడం, కార్డు బిగించడం మగవాళ్ళ పని. బల్లకూ గోడకూ మధ్య సందులో దూరి తీగలు పీకడం, పెట్టడం అక్క పని. బావకు పొట్ట అడ్డం, తమ్ముడికి స్తంభం మీంచి పడ్డ నడుము అడ్డం. "అక్కా, తీగ పీకు" అంటే పీకుతుంది, "పెట్టు" అంటే పెడుతుంది. మూడేళ్ళూ వంగి కిందిదాంట్లోనే పెట్టింది. ఎనిమిది రోజుల కిందట మోకాలు పట్టేసింది. పైనా అలాంటిదే కనిపించింది. గోడకు రెండు ప్లగ్గులుంటే ఎందులో పెడితేనేం కరెంటు రాదా అనుకుని, వంగే శ్రమ తప్పిందని సంతోషించి, ఆ పూట మొదలు పైదాంట్లోనే పెడుతూ వచ్చింది. అంటే ఎనిమిది రోజులుగా ఏ తీగా కార్డుకు తగలనే లేదు. కార్డులు రెండూ వంతులవారీగా ఖాళీగా ఫ్యాన్లు తిప్పుకుంటూ కూర్చున్నాయి, బొమ్మను గీసింది మిషన్లో పుట్టుకతోనే ఉన్న బక్క చిప్పు. రెండు రాజవంశాల గుర్రాలూ లాయంలోనే ఉన్నాయి, యుద్ధమంతా గాడిద మీద జరిగింది.

వెళ్ళి చెప్పేస్తే సరిపోతుంది. కానీ ఎలా చెప్పడం? ఏడు డ్రైవర్లు, పద్నాలుగుసార్లు మరమేకులు, ఒక మాట, ఒక సంచి. ఇదంతా నా మోకాలి వల్ల అని ఏ నోటితో అనడం? చేసిన తప్పును చెప్పడం కన్నా, తప్పును చెరిపేసి ఏమీ ఎరగనట్టు నిలబడటం మేలని మహావీరులందరి వలెనే ఆమె కూడా తలచి, కొంగు నడుముకు బిగించి, కళ్ళజోడు సరిచేసుకుని, రణరంగానికి కదిలింది.

ముందుగదిలో విమానం సముద్రం మీద వేలాడుతున్నది. ఇద్దరూ తెర వైపే చూస్తున్నారు, ఒకరి వైపు ఒకరు చూడటం లేదు. అక్క గోడవారగా నడిచి బల్ల వెనక సందులో ప్రవేశించింది.

అహో, ఆ ప్రవేశం. ఏళ్ళ తరబడి పేరుకున్న ధూళి ధూమ్రమేఘమై లేచి ఆమెను ఆవరించింది. నల్లని తీగలు నాగపాశాల వలె చీరకుచ్చిళ్ళను చుట్టుకున్నవి. సాలెపురుగొకటి, ఆ దుర్గానికి తానే అధిపతినన్నట్టు, ఎనిమిది కాళ్ళతోనూ ఆమెను నిలదీసింది. మోకాలు, ఆ ద్రోహి, ఆ పాత శత్రువు, వంగిన మరుక్షణమే కళుక్కుమని అరిచింది. ఆమె పళ్ళబిగువున దాని అరుపును దిగమింగి, చెయ్యి చాచి, పై రంధ్రంలోని తీగను ఒడిసిపట్టి లాగింది.

తెర నల్లబడింది.

"పోయింది," అన్నాడు బావ, తృప్తిగా. "చెప్పానా, చచ్చిందని."

"కరెంటు కాదు గదా," అని తమ్ముడు అలవాటుగా లైటు వైపు చూశాడు.

"నేనే," అన్నది బల్ల వెనకనుంచి ఒక గొంతు. "ఉండండి. కదలకండి."

"ఏం చేస్తున్నావక్కడ?"

"ఊడుస్తున్నాను."

"ఇప్పుడా?" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. నిన్న సాయంత్రం తరవాత వాళ్ళు కలిసి అన్న మొదటి మాట అది.

ఆమె ఇంకాస్త వంగింది. చూపు ఆనలేదు. వేళ్ళతోనే వెతికి, సూదిలో దారం ఎక్కించిన యాభై ఏళ్ళ అనుభవాన్నంతా కుడిచేతి బొటనవేలి కొసకు రప్పించి, తీగను కింది రంధ్రంలో గురిపెట్టి గుచ్చింది. అది ఎదురు తిరిగింది. తిప్పి గుచ్చింది. లోపలికి దిగింది.

తెర వెలిగింది. తమ్ముడు ఆట మూసి మళ్ళీ తెరిచాడు. విమానం, నూనె రాసిన నేల మీద కంచంలా, సముద్రం మీద జారిపోతున్నది. ప్రతి అల కదిలింది. ప్రతి అలకూ నీడ ఉంది.

కాసేపటికి బావ చెయ్యి తనంతట తానే కంట్రోలు కర్ర మీదికి పోయింది. తమ్ముడి నోరు తనంతట తానే తెరుచుకుంది.

"అయిదొందలు," అన్నాడు. "మూడొందలు. ముక్కు ఎత్తండి."

విమానం దిగింది. చక్రాలు నేలను తాకిన చప్పుడు కూడా వినబడలేదు. బావ కుర్చీలో వెనక్కి వాలి, "చూశావా, ఆ ఏడో డ్రైవర్ నిదానంగా పని చేసింది," అన్నాడు.

అప్పుడు అక్క, తలనిండా బూజుతో, సందులోంచి లేచి నిలబడింది. ఏమీ ఎరగనట్టు నిలబడదామనే అనుకున్నది. కానీ తమ్ముడి మొహం చూసేసరికి నోరు ఆగలేదు. "డ్రైవరూ కాదు, మీ కార్డులూ కాదు. తీగ నేను పైదాంట్లో పెట్టాను. ఎనిమిది రోజుల నుంచీ. వంగలేక."

ఇద్దరూ ఆమెను చూశారు. తమ్ముడు ముందు నవ్వాడు. "ముప్పైనాలుగేళ్ళు తీగలతో కాపురం చేశానక్కా. ఈ తీగ ఒక్కటీ చూడలేదు." తరవాత బావ నవ్వాడు. నవ్వి, తుడుచుకుని, స్క్రూడ్రైవర్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పి, "సాయంత్రం ఆ కొండల మధ్య ఎయిర్‌పోర్టులో దింపుదాం. అక్కడ నీకే చేతనవుతుంది," అన్నాడు.

"టిక్కెట్టు తీసేశానండీ."

"నిన్న నేనన్నది మిషన్ సంగతిరా."

"తెలుసు బావగారూ."

అక్క భర్త వైపు చూసింది. ఇంకొక్క మాట అనమని కళ్ళతో బతిమాలింది. ఆయన మిషన్ వైపు చూశాడు. "కార్డు విప్పివ్వనా?" అన్నాడు.

"ఉండనివ్వండి. బాగానే నడుస్తోంది గదా." తమ్ముడు సంచి భుజానికి తగిలించుకున్నాడు. "వెళ్తానక్కా."

"వెళ్ళొస్తాననరా."

"వెళ్ళొస్తాను."

కావున, ఓ జనులారా, వినుడు, విని పదుగురికీ వినిపించుడు. త్రివ్యజనులు ఓడలేదు, ద్వివ్యజనులు గెలవలేదు. ఎనిమిది పగళ్ళు సాగిన ఆ ఘోర సంగ్రామాంతమున, ధూళిని జయించి, సాలెపురుగును ధిక్కరించి, స్వకీయ మోకాలిని సైతం లొంగదీసి, ఒక తీగను పై రంధ్రం నుంచి నాలుగు వేళ్ళ కింది రంధ్రానికి చేర్చిన మహాకీర్తి అక్కది. విజయ సమయం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. జయము జయము.

తమ్ముడు మూడున్నర బస్సెక్కాడు. అది ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం. మళ్ళీ రాలేదు.