చెవులు మూసుకొనుటకు దరఖాస్తు

కళ్ళకు రెప్పలు పెట్టిన సృష్టి చెవులకు తలుపులు పెట్టడం మరిచిపోయింది. ఈ పొరపాటును ప్రశాంతతా శాఖ ఫారం నంబరు పదకొండుతో సరిదిద్దింది. పని వేళల్లో చెవులు మూసుకోదలచిన పౌరుడెవరైనా ఆ ఫారం నింపి, కార్డు పొంది, నిరభ్యంతరంగా మూసుకోవచ్చు. (కార్డు లేకుండా మూసిన చెవులు తెరిచి ఉన్నట్టే లెక్క.)

అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుకు ఆ కార్డుతో పని పడింది. అతనికి ముప్పయ్యారేళ్ళు, ఆటిజం ఉంది. మనందరికీ ఒక్క గోలగా వినిపించే చప్పుళ్ళు అతనికి దేనికదే వినిపిస్తాయి, ఏదీ ఇంకోదానికి దారివ్వదు. పదేళ్ళుగా చెవులకు ఇయర్ మఫ్‌లు తగిలించుకుని, తప్పన్నది పోనివ్వకుండా పని చేసుకుంటున్నాడు. ఇంతలో కొత్త మేనేజరొచ్చాడు. "సోమవారానికి కార్డన్నా చూపించు, లేదా అవి తీసేసి కౌంటర్‌లో కూర్చో" అన్నాడు. కౌంటరంటే రెండు ఫోన్లు, ఒక గంట, తెరిపి లేని జనం. అక్కడ ఒక్క పూట కూడా నిలవలేనని ప్రూఫ్ రీడరుకు తెలుసు. అందుకే శుక్రవారం అక్కను తోడు తీసుకుని బయల్దేరాడు.

కార్డులిచ్చే విభాగం జనరేటరు గదికీ, స్టాంపులు గుద్దే గదికీ మధ్య ఉంది. (నిశ్శబ్దంగా ఉండే గదులన్నీ పాత కుర్చీలకు కేటాయించారు.) హాల్లో మైకు నిమిషానికోసారి "నిశ్శబ్దం పాటించండి" అని అరుస్తోంది. ప్రూఫ్ రీడరు పెట్టుకుందామని సంచిలోంచి ఇయర్ మఫ్‌లు తీశాడో లేదో, అటెండరు అడ్డొచ్చాడు.

"కార్డుందా సార్?"

"దాని కోసమే వచ్చాను."

"అయితే కార్డు వచ్చాకే పెట్టుకోండి. చెవులు మూసుకుంటే పేరు పిలిచినప్పుడు ఎలా వినిపిస్తుంది?"

"నేను వింటాను కదా బాబూ" అంది అక్క.

"మీకు వినిపించి ఏం లాభమమ్మా, ఫారం ఆయన పేరు మీదుంటే."

అక్క ఇయర్ మఫ్‌లు సంచిలో పెట్టేసి, ఫారం తమ్ముడి చేతికిచ్చింది.

ఫారంలో ఏడో గడి: "ఇబ్బంది కలిగించు శబ్దములను పేర్కొనుము." లోకులైతే "గోల" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ప్రూఫ్ రీడరుకు అలా అరకొరగా రాయడం చేతకాదు. మూడో ఫ్యాను ప్రతి నాలుగో చుట్టుకూ టక్కుమనును. కిటికీ పక్క ట్యూబులైటు ఆగకుండా జుయ్యిమనును. తలుపు మూసేటప్పుడు రెండుసార్లు, తెరిచేటప్పుడు ఒకసారి కిర్రుమనును. ఇలా పద్నాలుగు రాశాడు. (ఫారంలోని రెండు అచ్చుతప్పులు కూడా దిద్దాడు, పుట్టుబుద్ధి ఊరుకోదు.) పూర్తయ్యేసరికి చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఇంటికెళ్ళిపోదాంరా తమ్ముడూ" అంది అక్క.

"కార్డు" అన్నాడు.

మూడు గంటలు గడిచాక పిలుపొచ్చింది. అధికారి గదికి వరసగా రెండు తలుపులు, వాటి వెనక దుప్పటంత మందపాటి పరదా. (ఆ గోలలో మనిషన్నవాడు పని చేయలేడని ఆయనే రాసి పెట్టుకుని, ఆయనే మంజూరు చేసుకున్నాడు.) జాబితా చదువుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"పదకొండేళ్ళ సర్వీసులో ఈ భవనాన్ని ఇంత శ్రద్ధగా తనిఖీ చేసినవాణ్ణి చూడలేదయ్యా. ఇంజినీరొచ్చి, ఫ్యాను తిరుగుతోంది అని రాసి పోయాడు. ఇలాంటి చెవుల్ని మూసెయ్యమని కార్డివ్వడానికి నాకు చేతులు రావు."

"అవి పడకే రాశాడండీ" అంది అక్క. "ఒక్కో చప్పుడూ వాడి ప్రాణం తోడేస్తుంది. కార్డు లేకపోతే సోమవారంతో ఉద్యోగం పోతుంది."

"అంత పడనివాడు మూడు గంటలు ఎలా కూర్చున్నాడమ్మా? మధ్యలో లేచి వెళ్ళిపోయుంటే నమ్మేవాణ్ణి." (మధ్యలో లేచి వెళ్ళిన వారిని గైరుహాజరుగా పరిగణించి దరఖాస్తు కొట్టివేస్తారు.)

ఆయన ఫారం మీద "అవసరం లేదు" అన్న ముద్ర గుద్దాడు. జాబితాను మాత్రం జాగ్రత్తగా చించి, మరమ్మతుల ఫైల్లో పెట్టుకున్నాడు.

ప్రూఫ్ రీడరు కుడిచేతి వేళ్ళు మోకాలి మీద తట్టసాగాయి. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు. లోపల అన్నీ కూలిపోతున్నప్పుడు అతను పట్టుకుని నిలబడేది అదొక్కటే. అక్కకు తెలుసు, అందుకే ఆమె ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అధికారి చెవులు రిక్కించాడు. జాబితా బయటికి తీసి, "పదిహేను: దరఖాస్తుదారుని మోకాలి చప్పుడు" అని స్వహస్తాలతో చేర్చి, కింద సంతకం పెట్టి, "తక్షణ చర్య" అని రాసి గంట కొట్టాడు.

తక్షణమంటే తక్షణమే. అటెండరు వచ్చి ప్రూఫ్ రీడరు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పదిహేనో చప్పుడు ఆగిపోయింది. మిగతా పద్నాలుగూ పరిశీలనలో ఉన్నాయి.