కెప్టెన్ చావు ముందు, పెళ్లి తర్వాత

సోమవారం పొద్దున్న లైబ్రేరియన్ వేసుకున్న ప్లాన్‌లో వెతికినా లోపం లేదు. ఊరంతా ఒకే నవల చదవాలి. ఐదో ఆదివారం హాల్లో కూర్చుని దాని గురించి మాట్లాడుకోవాలి. పుస్తకం మొత్తం చదివినవాళ్లు వందమంది వస్తే లైబ్రరీ నిలుస్తుంది. రాకపోతే ఆ గదిలో పాడైపోయిన వీధిదీపాలు పెట్టుకుంటామని మున్సిపల్ కమిషనర్ కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా పొద్దున్నే తాళం తీస్తున్న గదిని వీధిదీపాలకు అప్పగించే ఉద్దేశం ఆమెకు బొత్తిగా లేదు.

చిక్కల్లా ఒక్కటే. పేర్లిచ్చిన ఇళ్లు నూట ఇరవై, ఉన్న కాపీలు నలభై. అందుకని ఒక్కో కాపీని మూడు భాగాలుగా విడదీయించాలనుకుంది. మొదటి భాగం ఈ వారం ఆసుపత్రి వీధికి, వచ్చేవారం బజారు వీధికి, ఆపైవారం స్టేషన్ వీధికి వెళ్తుంది. మిగతా రెండూ దాని వెనకే వరసగా నడుస్తాయి. బైండింగుకు మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మామగారు నలభయ్యేళ్లు అదే పని చేసి రిటైరయ్యాడు. చేతులు ఊరుకోక, ఇంటికొచ్చిన కరెంటు బిల్లుకు కూడా అట్ట వేసే రకం.

రెండు రోజుల్లో నూట ఇరవై పుస్తకాలు నీలం అట్టలతో తయారయ్యాయి. మూడో రోజు కోడలు మీటింగు నుంచి తిరిగొచ్చేసరికి ఒక్కటి కూడా ఇంట్లో లేదు.

"కట్టలు కట్టి ఊరికే ఉంచడమెందుకమ్మా? సైకిలు మీద వేసుకెళ్లి వీధికో కట్ట పంచేసి వచ్చా."

"మూడు వీధులకీనా మామయ్యా? మొదటి భాగం ఎవరికిచ్చారు?"

"మొదటిదేంటి, రెండోదేంటి? అన్నీ ఒకేలా వచ్చాయి. ఒక్క అట్ట కూడా వంకర లేదు తెలుసా!"

మర్నాడు స్టేషన్ వీధి మందుల షాపాయన పుస్తకం పట్టుకుని ఊపుకుంటూ ఇంటికొచ్చాడు. "ఏమ్మా, ఇదేం కథ? మొదటి పేజీలోనే ఎవరో కెప్టెన్‌కి ఊపిరాడట్లేదు. నాలుగో పేజీకి పోయాడు. అక్కణ్నించి ఆవిడ ఏడుపే ఏడుపు. నేనూ ఏడ్చాననుకో. కానీ ఎవరికోసం ఏడ్చానో తెలియాలి కదా!"

పేజీ నంబరు చూద్దామని ఆమె పుస్తకం తిప్పింది. నంబరు లేదు. ఏ పేజీకీ లేదు.

"కింద నంబర్లన్నీ వంకరగా అచ్చేశారమ్మా," అన్నాడు మామగారు. "కటింగ్ మిషన్ మీద ఒక్క దెబ్బకి తీసేశా. ఇప్పుడెంత నీటుగా ఉందో చూడు!"

ఇంకొకరైతే నెత్తి బాదుకునేవారు. ఆమె జిగురు డబ్బా తీసుకుని లైబ్రరీ తలుపు మీద ప్రకటన అంటించింది. "స్టేషన్ వీధివారు చదవడం ఆపగలరు. మీ దగ్గరున్నది ఆఖరి భాగం. బజారు వీధివారిది మధ్యభాగం. కెప్టెన్ చనిపోయిన సంగతి దయచేసి ఎవరికీ చెప్పకండి." రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాక గానీ ఆ చివరి వాక్యం ఊరంతా చదువుతుందని ఆమెకు తట్టలేదు. అప్పటికే పాలు పోసే ఆవిడ నిలబడి చదివేసి, "అయ్యో పాపం!" అనుకుంటూ బజారు వైపు వెళ్లిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

బజారు వీధిలో కెప్టెన్ అప్పుడే భార్యతో గొడవపడి ఇల్లొదిలి వెళ్లాడు. ఎప్పుడు తిరిగొస్తాడా అని లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ చదువుతున్నాడు. కబురు వినగానే తిన్నగా మందుల షాపుకు వెళ్లాడు.

"మీవాళ్లు చంపేశారటగా!"

"మేమెక్కడ చంపాం? మా వీధికొచ్చేసరికే ఆయన సగం పోయున్నాడు. ఇంట్లోంచి తరిమింది మీరు!"

మాటా మాటా పెరిగింది. స్టేషన్ వీధి క్షమాపణ చెప్పేదాకా మధ్యభాగం ఎవరికీ ఇచ్చేది లేదని లాండ్రీ ఆయన తమ వీధి పుస్తకాలన్నీ పోగేసి, ఉతికిన దుప్పట్ల బీరువాలో పెట్టి తాళం వేశాడు. మధ్యది రానిదే మొదటిది వదలమని ఆసుపత్రి వీధి భీష్మించింది. మొదటిది ఇవ్వనివాళ్లకు ఆఖరిది మాత్రం ఎందుకివ్వాలంది స్టేషన్ వీధి.

లైబ్రేరియన్ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. బతిమాలింది, బెదిరించింది. ఒక్క పుస్తకం కదల్లేదు. జనం మాత్రం ఎక్కడ పడితే అక్కడ గుమిగూడారు. ఆసుపత్రి వీధి నర్సు, మొదటి భాగం చివర కెప్టెన్ పెళ్లయ్యాక ఏమైందో చెప్పించుకోడానికి ఉతికిన బట్టలే మళ్లీ లాండ్రీకి వేస్తోంది. మందుల షాపాయన నర్సు ఇంటి మెట్ల మీద కూర్చుని పెళ్లి ముచ్చట వింటున్నాడు. "చదువుతున్నారా?" అని ఆమె అడిగితే, "లేదమ్మా, చెప్పుకుంటున్నాం," అనేవారు. చెప్పుకోవడం కమిషనర్ లెక్కలోకి రాదు.

ఐదో ఆదివారం హాలు కిటకిటలాడింది. కమిషనర్ నవల మీద ప్రశ్నలున్న ఫైలు తెరిచాడు. "పుస్తకం మొత్తం చదివినవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. అది లైబ్రేరియన్‌ది.

"మీది లెక్కలోకి రాదు," అని ఆయన పెన్ను మూత తీశాడు.

"తప్పు నాది సార్," అంది ఆమె. "వీళ్లకి చదవాలనే ఉంది. నేనే సరిగ్గా అందించలేకపోయాను."

"ఒక్క నిమిషం సార్!" మందుల షాపాయన లేచాడు. "మీరు రాసుకునేలోపు ఈ లాండ్రీ ఆయన్ని ఒకటి అడగాలి. ఏమయ్యా, ఇంతకీ కెప్టెన్ ఇల్లెందుకు వదిలాడు?"

"ఉత్తరం దొరికింది కదా," అన్నాడు లాండ్రీ ఆయన.

నర్సు కుర్చీలోంచి లేచింది. "ఏ ఉత్తరం? పెళ్లిరోజు ఆవిడ దాచిపెట్టిందే, అదా?"

"ఓరి నాయనో! పోయేటప్పుడు ఆయన దిండు కింద ఉన్నది అదేనా?" అన్నాడు మందుల షాపాయన.

హాలంతా ఒక్కసారి లేచింది. దాచడం తప్పని ఆసుపత్రి వీధి, వెతకడం తప్పని బజారు వీధి, చచ్చేదాకా దాన్ని పారెయ్యనివాడి ప్రేమ తెలియట్లేదా అని స్టేషన్ వీధి. గంటన్నర గడిచింది. ఒక్కరూ ఇంటికి పోలేదు. కమిషనర్ పెన్ను ఎప్పుడో ఆరిపోయింది.

"ఇంతకీ ఆ ఉత్తరంలో ఏముంది?" అన్నాడు ఆయన ఉండబట్టలేక.

"సారు చదవలేదా?" అంది నర్సు.

"ప్రశ్నలు మా క్లర్కు రాశాడు," అని ఆయన నసిగాడు. కాసేపు ఫైలు వైపు, కాసేపు జనం వైపు చూసి, ఆరిన పెన్ను విదిలించి అందరికీ వినపడేలా చెబుతూ రాశాడు. "ఈ నవల నేను పూర్తి చేసేదాకా గది లైబ్రరీగానే ఉండాలి. ఆ తర్వాత ఆలోచిద్దాం. ఏవీ, మూడు భాగాలూ ఇవ్వండి."

నర్సు మొదటిది ఇచ్చింది. మందుల షాపాయన ఆఖరిది ఇచ్చాడు. అందరూ లాండ్రీ ఆయన వైపు తిరిగారు. ఆయన లైబ్రేరియన్ వైపు చూస్తూ జేబులన్నీ తీరిగ్గా తడుముకున్నాడు.

"బీరువా తాళంచెవి ఎక్కడో పడిపోయినట్టుందమ్మా. వెతకమంటావా?"

ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆమె ఒక పాఠకుడి విషయంలో తొందరేం లేదంది.