వాషింగ్ సోడా డబ్బాలో ఖర్జూరాలు

నట్లు, బోల్టులు, బేరింగులు దాచే గోడౌనులో పద్దెనిమిదేళ్ళుగా స్టోరుకీపరుగా చేస్తున్న మనిషి, ఇంటికొచ్చాక వంటింట్లోకి తొంగిచూడకూడదు. చూస్తే రక్తపోటు పెరుగుతుంది. మన కథలోని పెద్దమనిషి రోజుకి రెండుసార్లు చూసేవాడు.

గోడౌనులో ఆయన్ని అందరూ చీటీల సారు అంటారు. చీటీ రాసి సంతకం పెట్టించుకోనిదే చిన్న వాషరు కూడా ఆయన చెయ్యి దాటదు. ఒకసారి బోనులో పడ్డ ఎలుకని బయట వదిలిపెట్టడానికి కూడా చీటీ అడిగాడని తోటివాళ్ళు చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధమని ఆయన వాదన. ఎలుక స్టాకులో లేదు కాబట్టి చీటీ అక్కర్లేదని తనే చెప్పాడట.

అంతటి మనిషికి సొంత వంటిల్లు కంట్లో నలుసైపోయింది. అక్కడ ఏ డబ్బా మీద ఏం రాసి ఉందో ఆ డబ్బాలో అది ఉండదు. బిస్కెట్ల డబ్బాలో పప్పు, టీపొడి డబ్బాలో ఆవాలు, లావుపాటి పాప నవ్వుతున్న పాలపొడి డబ్బాలో ఎండుమిరపకాయలు. పదమూడేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారి కూడా తనంతట తను చక్కెర వెతుక్కుని టీ కలుపుకోలేకపోయాడు. ఉప్పు టీ మాత్రం నాలుగుసార్లు తాగాడు.

నిజానికి ఆ వంటింటి మీదే ఇల్లంతా ఆధారపడి ఉంది. వాళ్ళ వీధి ఏటికి అవతలి గట్టున ఉంది. ఏటా వానాకాలంలో వంతెన మునిగిపోయి, మూడు వారాలపాటు ఇటు మనిషి అటు పోడు, అటు సరుకు ఇటు రాదు. వీధి చివరి కొట్టులో రెండోరోజుకే తక్కెడ తప్ప ఇంకేమీ మిగలదు. ఆ మూడు వారాలూ నలుగురి కడుపులు నిండేది ఇల్లాలు దాచినదాంతోనే.

ఆవిడ దాచే తీరు చూసి తీరాలి. పొద్దున బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టేముందు అందులోంచి ఓ గుప్పెడు తీసి పక్కన పోసేది. ఆ గుప్పెడు తగ్గినట్టు ఆ ఇంట్లో ఏ ఒక్కరికీ ఏనాడూ తెలియలేదు. టమాటాలు చవకగా దొరికిన వారం డాబా మీద పాత దోమతెర పరిచి ఎండబెట్టేది. నిమ్మకాయలు ఉప్పులో ఊరేసేది. రొట్టె చివరి ముక్కల్ని ఎండబెట్టి పొడి కొట్టి సీసాకెత్తేది. నూనె సీసా అయిపోయిందని ఇంటాయన పారేయబోతే, దాన్ని పొద్దుటిదాకా బోర్లించి మర్నాటి పోపుకి సరిపడా పిండేది. అరిగిపోయిన సబ్బుముక్కలు కూడా ఆవిడ చేతిలో పడితే మళ్ళీ నిండు సబ్బయ్యేవి. ఇన్ని చేసీ ఆ ఇంట్లో ఎవరికీ పిసినారితనం వాసనైనా తగలనిచ్చేది కాదు. అసలు మెచ్చుకోవలసింది అక్కడ.

చీటీల సారు మెచ్చుకోలేదని కాదు. మనసులో మెచ్చుకునేవాడు. కానీ పైకి వచ్చేసరికి అది తనిఖీ అయ్యేది.

"ఏమోయ్, మా గోడౌనులో నాలుగువేల రకాల సరుకుంది. కళ్ళకి గంతలు కట్టినా అడిగింది తీసిస్తాను తెలుసా?" అన్నాడో రోజు.

"మీ గోడౌనులో బోల్టులు ఎవరూ తినరు కదండీ" అంది ఆవిడ, పప్పులో రాళ్ళేరుతూ.

మాటలో ఓడినప్పుడు మగవాళ్ళు పథకాలు వేస్తారు. మర్నాడు గోడౌను నుంచి ఓ పాత అట్టల కట్ట పట్టుకొచ్చి, పరుపు కింద దాచాడు. వంటింట్లో ప్రతి డబ్బాకీ పేరు రాసి అంటించి, ఏ పేరున్న డబ్బాలో ఆ సరుకే పోసి, ఇల్లాలి కళ్ళు తెరిపించాలని ఆయన సంకల్పం. ఇక ఆవిడ ఊరికెళ్ళడమే తరువాయి.

ఆ ముహూర్తం వానలు రేపో మాపో అనగా రానే వచ్చింది. ఆవిడ అక్కగారు మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. మూడు రోజులు ఉండి వస్తానని ఆవిడ బయల్దేరింది. ఆ మూడు రోజుల వంటకీ సరిపడా సరుకు బుట్టలో సర్ది అత్తగారికి అప్పజెప్పింది. గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఏమండీ, ఆ డబ్బాల జోలికి మాత్రం వెళ్ళకండి. అవి వానలకి దాచినవి. మూత కూడా తియ్యొద్దు."

ఆయన చిన్నపిల్లాడిలా తలూపాడు. ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో, అట్టల కట్ట బయటికొచ్చింది.

పదేళ్ళ కూతురిది ముత్యాల్లాంటి రాత కాబట్టి దాన్ని పేర్లు రాయడానికి కూర్చోబెట్టాడు. పెద్దావిడ కుర్చీలోంచి కదలకుండానే, "ఒరేయ్, అది చెప్పింది కదరా, వద్దులే" అంది. మామూలుగా ఆవిడ ఒకమాట అంటే పక్కవీధిలో కుక్క లేచి కూర్చుంటుంది. ఆరోజు ఎందుకో మెత్తగా అంది. కొడుకు ఆ సంగతి గమనించలేదు.

ఒక్కో మూతా తీస్తుంటే ఆయనకి మతిపోయింది. 'వాషింగ్ సోడా' డబ్బాలో గింజలు తీసిన ఖర్జూరాలు, మిలమిలా మెరుస్తూ. 'ఇనుప మేకులు' అని రాసిన డబ్బాలో వేయించిన పల్లీలు. చీమలమందు సీసాలో చిక్కటి తేనె. ఇన్నాళ్ళూ ఇంట్లో తినడానికి ఏమీ ఉండదని తను సాయంత్రాలు బజార్లో బిస్కెట్లు కొనుక్కు తిన్నాడు. పల్లీల డబ్బానైతే, మీద రాసింది లోపల ఉండదుగా అని, మేకు కావలసినప్పుడల్లా పక్కకి జరిపి, మేకులు ఎక్కడున్నాయని కేకలు వేశాడు.

సాయంత్రానికి అలమర అద్దంలా తయారైంది. పెద్దవి వెనక, చిన్నవి ముందు, ప్రతి డబ్బాకీ తెల్లటి అట్ట, దాని మీద ముత్యాల అక్షరాలు. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, గొంతు సవరించుకుని, ఇది పద్ధతంటే అని ప్రకటించాడు.

పద్ధతిలో ఉన్న ఒకే ఒక్క లోపం, ఆ ఇంట్లో అందరికీ చదవడం వచ్చు.

కూతురు పొద్దున లేస్తూనే ఖర్జూరాల డబ్బా దగ్గర హాజరు. పెద్దావిడ దగ్గొస్తోందని తేనె సీసా మంచం పక్కకి తెప్పించుకుంది. ఆ దగ్గు తేనె ఉన్నంతసేపే ఉంది. ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. సరుకు నాణ్యత పరీక్షించాలి కదా అని పల్లీలు ఓ గుప్పెడు తీశాడు. మొదటి గుప్పెడు బాగుంటే మిగతావి బాగుంటాయని నమ్మకమేమిటని ఇంకో గుప్పెడు తీశాడు.

రెండోరోజు పక్కింటి కుట్టుమిషను ఆవిడ, కూతురి గౌను ఇవ్వడానికొచ్చి అలమర చూసి నోరెళ్ళబెట్టింది. సంతలో కూడా ఇంత శుభ్రంగా ఉండదంది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క అధికారీ ఆయనతో ఆ మాట అనలేదు. ఆయన పొంగిపోయి, ఏమైనా కావాలా తల్లీ అని తనే అడిగాడు. ఆవిడ మొహమాటపడుతూ కాస్త పప్పు చాలంది. చీటీ రాసి, సంతకం పెట్టించుకుని, రెండు శేర్లు కొలిచిచ్చాడు. ఆమె వెళ్ళి వీధిలో చెప్పింది. మధ్యాహ్నానికి రిటైరైన డ్రిల్లు మాస్టారు పిండికి వచ్చారు. ఆయన వెనకాల మరో ఇద్దరు. చీటీ ఇస్తున్నానన్న మోజులో ఆయన చేతికి ఎముక లేకుండా పోయింది.

మూడోరోజు సాయంత్రం చీకట్లు కమ్మినట్టు మబ్బు పట్టింది. మొదటి చినుకుకి ఆయన ఎందుకో అలమర వైపు చూశాడు. డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. అట్టలన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్కొక్క మూతే తీసి చూశాడు. అట్ట మీద పేరు తప్ప లోపల ఏమీ లేదు. అవతల ఏరు పొంగుతోంది, తెల్లారేసరికి వంతెన మునుగుతుందని వీధిలో కేకలు వినిపిస్తున్నాయి.

"నాన్నా, రేపట్నించి ఏం తింటాం?" అంది కూతురు.

ఆయన గొడుగు పట్టుకుని వీధి చివరి కొట్టుకి పరిగెత్తాడు. వంతెన మునుగుతుందన్న కేకలకే సరుకంతా అమ్ముడుపోయి, కొట్టాయన తక్కెడ తుడుచుకుంటున్నాడు. తడిసి ముద్దై తిరిగొస్తుంటే, ఆఖరి బస్సు దిగి ఇల్లాలు ఎదురైంది. పదమూడేళ్ళలో మొదటిసారి ఆవిడని చూసి ఆయనకి ఏడుపొచ్చింది.

వంటింట్లో నిలబడి జరిగిందంతా తనే చెప్పేశాడు. ఖర్జూరాల దగ్గర్నుంచి డ్రిల్లు మాస్టారి పిండి దాకా ఏదీ దాచలేదు. నీ ఏడాది కష్టం మూడురోజుల్లో మట్టిపాలు చేశాను, పిల్లనీ అమ్మనీ పస్తు పెట్టబోతున్నాను అన్నాడు. ఆవిడ కొంగుతో తల తుడుచుకుంటూ విన్నది.

"బిస్కెట్ల డబ్బాలో పప్పు అయిపోయిందా?"

"అయిపోయింది."

"మొత్తమా? అడుగున ఉన్నది కూడానా?"

ఆయన తలొంచుకుని డబ్బా బోర్లించి చూపించాడు. ఆవిడ అత్తగారి వైపు చూసింది. అత్తగారు కోడలి వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, ఆపుకోవడం ఇద్దరివల్లా కాలేదు.

"అది పోయినేడాది సరుకండీ" అంది ఆవిడ చివరికి. "వాన చెమ్మ తగిలితే పురుగు పడుతుంది. పురుగు పడితే కొత్త సరుకుని కూడా తినేస్తుంది. తినండి తినండి అని నాలుగు నెలలుగా మొత్తుకున్నాను. మీరు ఉడకలేదన్నారు, పిల్ల వాసనంది, అత్తయ్యకి కడుపుబ్బరం. అందుకని ముట్టుకోవద్దన్నాను. మూడురోజుల్లో ఖాళీ చేశారు."

"మరి ఖర్జూరాలు, తేనె?"

"ఎర వెయ్యకపోతే మీరు అన్ని డబ్బాలూ తెరుస్తారా?"

"వీధిలోవాళ్ళకి నువ్వే పంచొచ్చుగా?"

"నేనిస్తే పాతదేమోనని అనుమానపడతారు. మీరు చీటీ రాసి, సంతకం పెట్టించుకుని ఇస్తే కళ్ళకద్దుకుని ఆపూటే వండుకున్నారు."

"మరి కొత్త సరుకెక్కడుంది?" అని ఆయన అడిగేసరికి, పెద్దావిడ పక్కగదిలోకి నడిచి, చేతికర్రతో కొడుకు మంచం మీది దుప్పటి అంచు పైకెత్తింది. మంచం కింద ఈ గోడ నుంచి ఆ గోడదాకా డబ్బాలే. కొడుకు నడుంనొప్పికి మంచిదని మూడునెలల కిందట కోడలు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టించిందట. నాలుగువేల రకాల సరుకు కళ్ళకి గంతలతో గుర్తుపట్టే మనిషి, మూడునెలలుగా మూడువారాల తిండి మీద పడుకుని గురకపెట్టాడు. ఇంకో సంగతి, నడుంనొప్పి నిజంగానే తగ్గింది.

"నాతో ఒక్కమాట చెప్పకూడదా?" అన్నాడు నీరసంగా.

"చెబితే మీరు మంచానికి కూడా అట్ట అంటిస్తారు" అంది ఆవిడ, పొయ్యి వెలిగిస్తూ.

తెల్లారేసరికి వంతెన మునిగింది. గోడౌనూ లేదు, బడీ లేదు. ఆవిడ మాత్రం రోజుకో తీరున వండింది. ఎండు టమాటా ఒకరోజు పులుసైతే మర్నాడు పచ్చడయ్యేది, రొట్టెపొడి ఇంకోరోజు బిళ్ళలై నూనెలో వేగేది. కుట్టుమిషను ఆవిడ తన కోళ్ళ గుడ్లు పంపింది. డ్రిల్లు మాస్టారు పందిరి మీది గుమ్మడికాయ తనే మోసుకొచ్చారు. వీధిలో ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగని పూట లేదు. ఇదంతా ఎవరివల్లో ఆయనకి తెలుసు, ఈసారి పైకే చెప్పాడు, అదీ అమ్మ ముందర. పెద్దావిడ కుర్చీలో కాస్త ఎత్తుగా కూర్చుంది.

అయినా మగబుద్ధి కదా, ఒక్కటైనా తను గెలవాలని ఉంటుంది. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆయన చెయ్యి మంచం అంచు మీంచి కిందికి జారేది. చేతికందే చోట ఓ డబ్బాలో ఎండుద్రాక్ష ఉంది. రోజుకో గుప్పెడు, చప్పుడు కాకుండా. ఇల్లాలు పసిగట్టలేదు, కూతురు చూడలేదు. అన్ని తెలివితేటలున్న మనిషిని ఈ ఒక్క విషయంలో బోల్తా కొట్టించానని ఆయన దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వుకునేవాడు.

వంతెన తేలిన రోజు ఖాళీ డబ్బాలన్నీ కడగడానికి బయటికి లాగారు. ఎండుద్రాక్ష డబ్బా తిప్పేసరికి గోడవైపు అంటించిన తెల్లటి అట్ట కనిపించింది. 'నాన్నకి. ఎవరూ ముట్టుకోవద్దు' అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఇది నేను వంతెన మునిగిన రోజే రాశాను నాన్నా, అమ్మ రాయమంది" అంది కూతురు. "నాకెంత తినాలనిపించినా ముట్టుకోలేదు. నానమ్మ కూడా."

ఆయన ఇల్లాలి వైపు చూశాడు. ఆవిడ తలెత్తకుండా మరో డబ్బాకి బూడిద రాస్తోంది.

"రోజుకో గుప్పెడు చొప్పున మూడువారాలకి పోశాను" అంది. "మీ గుప్పెడు కాస్త పెద్దదని ఇంకో పిడికెడు ఎక్కువే వేశాను. సరిపోయాయా?"

ఆయన ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టి తడిమితే, మూలల్లో నాలుగు ఎండుద్రాక్షలు తగిలాయి. వాటిని తీసుకొచ్చి ఆవిడ బూడిద చేతులు చూసి, తనే ఆవిడ నోట్లో పెట్టాడు.