దయచేసి రాకండి, ప్లాన్ వేసుకోండి చాలు!

చలికాలంలో స్కీలు కట్టుకుని, నార్వేకి ఉత్తరపు కొసన ఉన్న మా ఫిన్‌మార్క్ కొండలకు రావాలని ముచ్చటపడే ఓస్లో వైపు దక్షిణాది పెద్దలకు నాదొక మనవి. రాకండి! ప్లాన్ వేసుకోండి, చాలు. స్కీ యాత్రకు ప్లాన్ వేసుకోవడాన్ని మించిన మేలు లోకంలో లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. యాత్రికులకు గదులు అద్దెకిచ్చి బతికే మనిషిని, నా మాట నమ్మండి.

వచ్చినవాడు ఏం చేస్తాడు? తడి మేజోళ్ళు నా పొయ్యి పైన తీగ మీద ఆరేస్తాడు. ఆ వాసనకు కుక్క కూడా బయటికి పోతుంది. రెయిన్‌డీర్ మాంసం పులుసు గిన్నె అడుగంటా ఊడ్చేసి, "ఆకాశంలో ఆ పచ్చ వెలుగులు ఎన్నింటికి మొదలవుతాయండీ?" అని అడుగుతాడు. స్విచ్చి నా వంటింట్లో ఉన్నట్టు!

మరి ప్లాన్ వేసేవాడో? ఓస్లోలో తన సోఫాలో తాను కూచుంటాడు. తినడు, తడపడు, గురకపెట్టడు. ఫోన్ చేస్తాడు, అంతే. ఇంతకంటే మర్యాదస్తుడైన అతిథి ఎక్కడ దొరుకుతాడు?

నాకు అలాంటి అతిథి ఒకరున్నారు. పేరు తోర్గైర్. రిటైరైన లెక్కల మాస్టారు. భార్య పోయి చాలా కాలమైంది. స్నేహితుడు హాల్వార్‌తో కలిసి ఆరేళ్ళుగా మా ఇంటికి వస్తున్నారు. అంటే, రావడానికి ప్లాన్ వేస్తున్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్. మా మంచు కబుర్ల కోసమని మీరు చదువుతున్న ఈ పత్రికను కూడా పోస్టులో తెప్పించుకుంటారు. అంత శ్రద్ధ!

మొదటి ఫోన్ నాకింకా గుర్తే.

"మారెత్ గారూ, అక్కడ మంచు ఎలా ఉందండీ?"

"తెల్లగా ఉందండీ."

"అహ, అది కాదు. మంచును బట్టి స్కీల అడుగున నీలం మైనం రాయాలా, ఊదా మైనమా అని."

"మీరు బయల్దేరేది ఈస్టర్‌కి కదండీ! ఇదింకా నవంబరే."

"ముందుగా తెలుసుకుంటే మంచిది కదండీ."

ముందుచూపంటే అదీ! మా ఆయన నిల్స్ బతికున్నన్నాళ్ళూ ఒక్క ప్రయాణానికీ ప్లాన్ వేసి ఎరగడు. కత్తీ, కాఫీ కెటిలూ పట్టుకుని వెళ్ళేవాడు, కాఫీ అయిపోతే వచ్చేవాడు. అదేం నాగరికత?

తోర్గైర్ గారి పుణ్యమా అని నేనెంత నేర్చుకున్నాను! వీపు మీది సంచి బరువు తగ్గించడం ఒక పెద్ద శాస్త్రమట. ఒక చలికాలమంతా చెంచాల గురించే మాట్లాడుకున్నాం. తేలికవుతుందని హాల్వార్ గారు తన చెంచాకు చిల్లులు వేశారు. కాడకే లెండి. మరుసటి ఏడు టూత్‌బ్రష్‌ల వంతు. ఇద్దరూ పిడిని సగానికి కోసేశారు.

"మరి అంత చేసి సంచిలో ఏం పెడుతున్నారు?" అని అడిగాను.

"నారింజలండీ. మనిషికో సంచెడు."

"నారింజలా! బరువు కాదూ?"

"ఈస్టర్‌నాడు మంచులో కూచుని నారింజ వలుచుకోకపోతే అదేం యాత్రండీ?" అన్నారు, నొచ్చుకుంటూ.

అలాంటి మనిషితో వాదించగలమా!

పక్కింటి రిస్తెన్‌కి మాత్రం ఈ శాస్త్రం తలకెక్కదు. ఏటా ఈస్టర్‌కి ముందు మేమిద్దరం మంచు స్కూటర్ మీద వెళ్ళి, పెద్దరోడ్డు దగ్గర్నుంచి మా ఇంటి దాకా బర్చ్ కొమ్మలు వరసగా మంచులో పాతుతాం. మంచు తుఫానులో స్కీల మీద వచ్చేవాళ్ళు దారి తప్పకూడదు కదా. ఈ ఏడూ పాతాం.

"ఎవరి కోసమే ఈ కొమ్మలు? నీ చెంచా మాస్టారి కోసమేనా?" అంది.

"యాత్రికులందరి కోసం."

"ఆహా! మరి ఇంత దగ్గర దగ్గరగా పాతుతున్నావేం? యాత్రికులందరికీ చత్వారమా?"

"నోర్మూసుకుని బండి నడపవే."

"కొత్త కర్టెన్లు కూడా అందరి కోసమేనా?"

స్కూటర్ మోతలో వినబడనట్టు ఇంకో కొమ్మ అందుకున్నాను.

పోయిన ఆదివారం ఫోన్ మోగింది. హాల్వార్ గారికి నడుము పట్టేసిందట. ఈ ఏటికి లేదట.

"వచ్చే ఏడు మాత్రం ఖాయమండీ. కొత్త ప్లాన్ మొదలుపెట్టేశాను."

"మరి మీ నడుమో?"

"నాది భేషుగ్గా ఉందండీ."

"అయితే?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది. తర్వాత మెల్లగా, "ఒక్కణ్ణే రావడం... ప్లాన్‌లో లేదండీ," అన్నారు.

చూశారా ప్లాన్ మహిమ! మనిషిని తుఫాను నుంచి, మంచు గడ్డల నుంచి, నా పులుసు నుంచి, చివరికి నా నుంచి కూడా ఎంత భద్రంగా కాపాడుతోందో! ఆరేళ్ళుగా ఆయన కాలికి ఒక్క బొబ్బ లేదు. నా పొయ్యి పైన తీగ మీద ఆయన మేజోడు ఒక్కటి ఆరింది లేదు. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందంటే, పొద్దున్నే లేచి ఆ తీగ వంక చూడబుద్ధి కావడం లేదు.

కాబట్టి పాఠకులారా, మీరందరూ ప్లాన్ వేసుకుంటూ ఇళ్ళలో హాయిగా ఉండండి. ఓస్లోలో ఈ పత్రిక పోస్టులో అందుకునే లెక్కల మాస్టారికి మాత్రం వేరే మాట. కొమ్మలు మా గుమ్మం దాకా పాతి ఉన్నాయి. మైనం ఏ రంగుదైనా ఫరవాలేదు. నారింజలు ఎన్నయినా తెచ్చుకోండి. టూత్‌బ్రష్ మాత్రం తేవద్దు. పూర్తి పిడి ఉన్నదొకటి కొని, నా దాని పక్కనే గ్లాసులో పెట్టాను.