ఇంటికి అర బిడ్డ

సర్వే లెక్క ప్రకారం నూకరత్నం ఇంటికి రావలసిన అర బిడ్డ సోమవారం పొద్దున ఆటోలో వచ్చింది. ఆడపిల్ల, కుడి సగం. ఒక కన్ను, ఒక చెవి, ఒక చెయ్యి, ఒక కాలు. కోసిన గుర్తేమీ లేదు, అంతవరకే పుట్టినట్టు నున్నగా ఉంది. సర్వే చేయించిన స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన మాధురి మేడం సంతకం పెట్టించుకుని, ముక్కు కూడా సగమే కాబట్టి జలుబు చేయకుండా చూసుకోమని చెప్పి వెళ్లింది.

ఇందులో విడ్డూరపడాల్సింది ఏమీ లేదు. విశాఖపట్నంలోని ఆ కొండవాడకు ఏ మేలు చేయాలన్నా ముందు అక్కడి జనాన్ని అడగాలనీ, అదీ అక్కడి వాళ్ల చేతే అడిగించాలనీ సంస్థ నియమం పెట్టుకుంది. నియమం మంచిదే. అడిగి చూస్తే ఐదేళ్లలోపు పిల్లలు సగటున ఇంటికి అర అని తేలింది. రిపోర్టు అచ్చయింది, నిధులిచ్చేవాళ్లు మెచ్చుకున్నారు. తీరా చూస్తే కొన్ని ఇళ్లు రిపోర్టుకు తగ్గట్టు లేవు. అచ్చయినదాన్ని మార్చలేరు గనక ఇళ్లనే సరిచేశారు. పిల్లలు ఎక్కువున్న ఇళ్ల జోలికి పోలేదు. సగటుకు మించి ఉన్నవాళ్లకు పాల పొట్లాలు ఆపేశారంతే.

నూకరత్నాన్ని ప్రశ్నలడిగింది పక్కింటి కాంతమ్మే. పిల్లలెంతమంది అన్న చోట నూకరత్నం తల వంచుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న వెటకారం లేకుండా అడిగినవాళ్లు లేరు.

"సిగ్గుపడకే. సగటు తీసినప్పుడు అందరియీ కలిసిపోతాయట," అంది కాంతమ్మ.

"నాకూ వస్తాదేటి అప్పా?"

"ఏమో, రాసీసినాను మరి."

అలా వచ్చిన పాప నూకరత్నం గుండెల మీదే పెరిగింది. చప్పట్లు కొట్టాలనిపిస్తే ఆమె అరచేతి మీద కొట్టేది. నిలబెడితే గోడకు ఆనుకునేది. కానీ ఏ వేళ చూసినా ఎడమ వైపుకే ఒరిగేది. ఎడమ వైపు, మెట్లెక్కి వెళితే, కొండ పైన మాలచ్చి ఇల్లు. మాలచ్చీ పిల్లల్లేనిదే. ఎడమ సగం ఆమెకిచ్చారు.

ఒక సాయంత్రం ఇద్దరూ చెరో సగాన్ని చంకనెత్తుకుని కుళాయి దగ్గర కలిశారు. సగాలు రెండూ దగ్గరికి జరిగాయి, అతుక్కున్నాయి. పాప లేచి పరుగెత్తింది. అంతకుముందు ఎవరూ ఆ పాప పరుగు చూడలేదు. ఇద్దరు తల్లులూ బిందెలు వదిలేసి ఏడ్చారు. ఆ పరుగు ఇక తన గుమ్మంలోనే కావాలని నూకరత్నానికి ప్రాణం కొట్టుకుపోయింది. మాలచ్చి ప్రాణమూ అలాగే కొట్టుకుంది. ఇంటికి బయల్దేరేసరికి పాప మళ్లీ రెండైంది.

"ఎవరో ఒకరికి మొత్తం ఇచ్చీండి మేడం," అని ఇద్దరూ వెళ్లి అడిగారు.

"అలా ఇస్తే ఒకరింట్లో ఒకటి, ఒకరింట్లో సున్నా అవుతుందమ్మా. అయినా నిర్ణయం మాది కాదు, మీ వాడ జనానిది," అంది మాధురి మేడం.

ఆదివారం వాడంతా కూడింది. ఆడవాళ్లు నేల మీద ముగ్గుతో కొండ గీశారు, మెట్లు గీశారు, ఇళ్లు గీశారు. పాప ఎక్కడుండాలో అక్కడ తలా ఒక చింతగింజ పెట్టమన్నారు. కింది వరసల వాళ్లు నూకరత్నం ఇంటి మీద పెట్టారు, పై వరసల వాళ్లు మాలచ్చి ఇంటి మీద పెట్టారు. నూకరత్నం తన గింజను పిడికిట్లో చాలాసేపు ఉంచుకుని, కళ్లు మూసుకుని తన గడపలో పెట్టుకుంది. గింజలు అటూ ఇటూ సమానమయ్యాయి. మాధురి మేడం సగటు తీసింది. అది మెట్ల దారిలో సరిగ్గా మధ్య మెట్టు మీద పడింది. అక్కడ ఒక్క గింజ కూడా ఎవరూ పెట్టలేదు.

ప్రజాభిప్రాయాన్ని అందరూ గౌరవించారు. పాపను అతికించి మధ్య మెట్టు మీద కూర్చోబెట్టారు. పైన టార్పాలిన్ కట్టారు, వీధిదీపం మంజూరు చేశారు. తల్లులిద్దరూ వచ్చి తినిపించవచ్చు, తల దువ్వవచ్చు, ఇంటికి మాత్రం తీసుకెళ్లకూడదు. రెండిళ్ల లెక్కలోనూ అరే ఉంది. రిపోర్టు ఎక్కడా తప్పలేదు.

నూకరత్నం పాప కోసం పనిలో పెట్టిన సెలవు అయిపోయింది. బీచి రోడ్డులోని అపార్టుమెంటులో ఒక బాబుకు నీళ్లు పోసి, అన్నం తినిపించి, నిద్రపుచ్చడం ఆమె పని. పొద్దున్నే మెట్లు దిగింది. మలుపులో ఆగి వెనక్కి చూసింది. పాప రెండు చేతులూ చాపింది. ఆ పాప చుట్టూ, పై మెట్ల మీదా కింది మెట్ల మీదా, గిన్నెల్లో చద్దన్నం పెట్టుకుని వాడ పిల్లలంతా కూర్చుని ఉన్నారు. వాళ్ల అమ్మలు అప్పుడే వేరే ఇళ్లలో పిల్లలకు జడలు వేయడానికి బయల్దేరారు. సాయంత్రం దాకా ఈ పిల్లలు ఆ మెట్ల మీదే ఉంటారు. పగలు వీళ్లను ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న సర్వేలో లేదు.

కాంతమ్మ ఆమె భుజం పట్టి ముందుకు నడిపించింది.

"ఎనక్కి సూడకే రత్నం. మొదట్లో అందరం సూసినోళ్లమే."

బస్సు వచ్చింది. కొండ మీది తల్లులందరితో పాటు నూకరత్నమూ ఎక్కింది.